లైట్లన్నీ వెలుగుతున్నాయి కానీ మీటర్లో టెయిల్ లైట్ వార్నింగ్ పోవట్లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

బెజవాడ_బండోడు:

అందరికీ నమస్తే అండి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మన్ సెడాన్, 2013 మోడల్, పెట్రోల్, 91 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయను, రాస్తే అసలు విషయం వదిలేసి దాని మీద కొట్టుకుంటారు.

సంగతేంటంటే నెల రోజులుగా మీటర్లో పసుపు రంగు బల్బు బొమ్మ, దాని కింద ఎడమ టెయిల్ లైట్ చెక్ చేసుకోమని మెసేజ్ వస్తోంది. మొదటిసారి హైదరాబాద్ నుంచి వస్తూ సూర్యాపేటలో టీ తాగి బయల్దేరాక వచ్చింది, అప్పటికే చీకటి పడింది, వెనక సీట్లో నాన్నగారు, ఆయనకి మీటర్లో పసుపుగా ఏది కనబడినా చాలు బండి పక్కకి ఆపెయ్ అంటారు. ఆపి దిగి చూశాం. రెండు టెయిల్ లైట్లూ శుభ్రంగా వెలుగుతున్నాయి. నాన్నగార్ని బ్రేక్ తొక్కమని చూశా, వెలిగింది. ఇండికేటర్ కూడా ఓకే. సర్లే అని మళ్ళీ స్టార్ట్ చేస్తే మెసేజ్ లేదు. చిల్లకల్లు టోల్ దాటాక మళ్ళీ ప్రత్యక్షం.

అప్పట్నుంచి ఇదే వరస. వాన పడ్డ రోజు ఎక్కువ, స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి అదే స్పీడ్ బ్రేకర్‌కి పోతుంది. ఎడమ పక్క బల్బు ఇప్పటికి మూడుసార్లు మార్చా. మొదటి మెకానిక్ సెన్సార్ పోయింది అన్నాడు. రెండో ఆయన స్కానర్ పెట్టి చూసి, లెఫ్ట్ టెయిల్ లైట్ సర్క్యూట్ అని కోడ్ వస్తోంది, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లూ అవీ నడిపే కంప్యూటర్) మార్చాలి, 40 వేలు పైనే అవుద్ది అన్నాడు. మూడో ఆయన ఇంకా సింపుల్, మీటర్ విప్పి ఆ బొమ్మ మీద నల్ల టేపు అంటిస్తా సార్, 500 ఇవ్వండి చాలు అన్నాడు. నిజం చెప్పాలంటే 40 వేలు విన్నాక ఆ టేపు ఐడియా కాస్త నచ్చింది కూడా.

నా డౌట్ ఏంటంటే అన్నీ వెలుగుతున్నప్పుడు బండి అబద్ధం ఎందుకు చెప్తోంది? ఆ సెన్సార్ అనేది అసలు ఎక్కడుంటుంది? మాడ్యూల్ నిజంగా మార్చాలా?

ఫ్యూజ్_పోయింది:

బ్రో రెండు పక్కలా ఎల్ఈడీ బల్బులు వేసెయ్, జోడీ 300కి వస్తాయి, పదేళ్ళు చూడక్కర్లేదు. నేను నా హ్యాచ్‌బ్యాక్‌లో వేసి రెండేళ్ళైంది, ఒక్క వార్నింగ్ కూడా రాలేదు.

కరీంనగర్_క్లచ్:

పై తమ్మునికి వార్నింగ్ ఎందుకు రాలేదంటే ఆయన బండిల ఆ వార్నింగే ఉండదు కాబట్టి 😄 ఆ సిస్టం ఉన్న బండిల ఎల్ఈడీ ఏస్తే ఉన్న తిప్పలకు ఇంకో తిప్ప తోడైతది.

అన్నా జర ఆగు, మాడ్యూల్ జోలికి అప్పుడే పోకు. ముందుగాల కొన్ని ముచ్చట్లు చెప్పు. నీ బండికి టెయిల్ లైటు, బ్రేక్ లైటు ఒక్కటే బల్బా, వేరే వేరేనా? బల్బు కింద ఇత్తడి మీద ఏం రాసున్నది? ఆ లైటు బాడీకి ఉన్నదా, డిక్కీ తలుపుకు ఉన్నదా? ఎడమ బల్బు తీసి కుడికి, కుడిది ఎడమకు మార్చి చూసినవా? మారిస్తే వార్నింగ్ గూడ పక్క మారిందంటే బల్బుదే తప్పు, మారకుంటే హోల్డర్ల, వైరింగ్ల ఎక్కడనో ఉన్నది లొల్లి.

ఇంకొకటి, రాత్రిపూట బండిని గోడ దగ్గరికి రివర్స్ పెట్టి ఆపు. ఉత్త పార్కింగ్ లైట్లు ఎయ్యి. గోడ మీద రెండు ఎర్ర మచ్చలు పడ్తయి గదా, అద్దంల చూసుకుంట ఎడమ ఇండికేటర్ ఎయ్యి, తర్వాత బ్రేక్ తొక్కు. ఎడమ మచ్చ ఏమైతున్నదో చూసి చెప్పు. పగటిపూట దిగి చూస్తే ఏం తెల్వది, గోడ మీద అయితే పట్టుకుంటవ్.

బల్బు మీద ఏం రాసున్నదని ఎందుకడిగిన్నంటే, మా బావమర్ది బండికి రోడ్డు మీద ఎవడో డబుల్ కాంటాక్ట్ ఉండాల్సిన కాడ సింగిల్ కాంటాక్ట్ బల్బు గట్టిగ ఒత్తి తిప్పి పెట్టిండు. పార్కింగ్ లైటు ఏస్తే చాలు మూడు బ్రేక్ లైట్లు వెలుగుడు. కింద ఉన్న ఒక్క చుక్కే రెండు పిన్నులకు తగిలి రెండు సర్క్యూట్లను కలిపేసింది మరి. రెండు బల్బులకు కొక్కేలు వేరే ఎత్తుల ఉంటయి, మామూలుగ ఎక్కొద్దు, కానీ మనోళ్ళు ఎక్కిస్తరు.

బెజవాడ_బండోడు:

థాంక్స్ అన్నా. బల్బు మీద పి21/5డబ్ల్యూ అని ఉంది, కింద రెండు చుక్కలు. అంటే డబుల్ కాంటాక్టే కదా. టెయిల్, బ్రేక్ రెండూ అందులోనే, ఇండికేటర్ దాని పైన వేరే ఆరెంజ్ బల్బు. లైట్ బాడీకే ఉంది, డిక్కీకి కాదు. బల్బులు అటూ ఇటూ మార్చి చూశా, వార్నింగ్ ఎడమ పక్కే ఉండిపోయింది.

ఇక గోడ సంగతి. రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టి చూశా. ఎడమ ఇండికేటర్ వేస్తే, ఆరెంజ్ వెలిగినప్పుడల్లా పక్కన ఎర్ర లైట్ తగ్గుతోంది, ఆరెంజ్ ఆరగానే ఎర్రది మళ్ళీ పెరుగుతోంది, టిక్కు టిక్కుమని ఊయలలాగా. కుడి పక్క అలా లేదు. బ్రేక్ తొక్కితే ఎడమ పక్క వెలుగుతోంది కానీ కుడి దానితో పక్కపక్కన పెట్టి చూస్తే కాస్త నీరసంగా ఉంది. ఇన్ని రోజులు దిగి చూసి బాగానే ఉందనుకున్నా, సిగ్గేసింది.

డిపో_మాస్టారు:

బాబూ, నువ్వు ఆ ఊయల మాట రాయగానే విషయం తేలిపోయింది. అది ఎర్త్, అంటే కరెంటు తిరిగి బండి బాడీలోకి వెళ్ళే దారి. బల్బూ కాదు, మాడ్యూలూ కాదు. నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను, బస్సులైనా కార్లైనా వెనక లైట్ల కంప్లైంట్ల్లో సగం పైన ఎర్త్ దగ్గరే తేలేవి. (సగం అన్నది నా అనుభవం, లెక్క రాసి పెట్టుకోలేదు.)

ముందు నీ సెన్సార్ డౌట్. అలా విడిగా ఒక డబ్బా ఏమీ ఉండదు. మాడ్యూలే ఒక్కో లైటుకి కరెంటు పంపుతూ ఎంత పోతోందో లెక్కేసుకుంటూ ఉంటుంది, గుమాస్తా లాగా. వెలుగు దానికి కనపడదు. 21 వాట్ల బ్రేక్ ఫిలమెంటు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు తీసుకోవాలి, 5 వాట్ల టెయిల్ ఫిలమెంటు 0.4 దాకా. ఆ లెక్క తప్పితే బొమ్మ వెలిగిస్తుంది. కాంటాక్ట్ ఒక్క క్షణం వదిలి మళ్ళీ పట్టుకున్నా నీ కంటికి ఆనదు, దానికి ఆనుతుంది. గుంతలో పడ్డప్పుడు రావడం, గుంతలో పడ్డప్పుడే పోవడం అందుకే.

ఇప్పుడు ఊయల ఎందుకు. నీ బండిలో టెయిలు, బ్రేకు, ఇండికేటరు, రివర్సు, ఆ పక్క ఉన్నవన్నీ వెళ్ళేటప్పుడు వేరు వేరు వైర్ల మీద వెళ్ళినా తిరిగి వచ్చేది ఒకే ఎర్త్ వైరు మీద. జర్మన్ బళ్ళలో అది గోధుమ రంగు వైరు. ఆ ఒక్క పిన్ను తుప్పు పట్టిందో వదులైందో అనుకో, ఒక్క టెయిల్ లైట్ వేసినప్పుడు కరెంటు తక్కువ కాబట్టి పెద్ద తేడా తెలీదు. ఇండికేటరు వెలగగానే ఇంకో 1.75 ఆంపియర్లు అదే సందులోంచి పోవాలి. అక్కడ ఇరుకు, వోల్టేజీ అక్కడే తినేస్తుంది, పక్కవాడికి మిగలదు, ఎర్ర లైటు తగ్గుతుంది. పాత మేడల్లో మోటరు వేస్తే ట్యూబ్‌లైటు కొట్టుకునేది చూడు, అలాగన్నమాట. ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్ఫై శాతం దాకా పడిపోతుంది, అయినా ఒక్కదాన్నే చూస్తే కన్ను సర్దుకుపోతుంది.

మల్టీమీటరు ఉందా? లేకపోతే కొను, మాడ్యూల్ కంటే చవక. 20 వోల్టుల డీసీ మీద పెట్టు. నల్ల ప్రోబు డిక్కీ లాకు పడే కొక్కెం బోల్టు దగ్గర పెయింటు లేని ఇనుముకి తగిలించు, ఎర్ర ప్రోబు లైటు హోల్డర్ మీద ఎర్త్ పట్టీకి. కప్లర్ (లైటుకి వైర్లు గుచ్చే ప్లగ్గు) పీకకుండా, బల్బులు తీయకుండా చూడాలి, లోడు లేకపోతే తప్పు బయటపడదు. టెయిల్ లైటు వేసి చూడు, తర్వాత బ్రేకు, ఇండికేటరు కలిపి చూడు. బ్రేకు తొక్కడానికి మనిషి లేకపోతే సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర అడ్డం పెట్టు. 0.1 లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే దొంగ అక్కడే.

మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి వైరు బాగుందని చెప్పేవాళ్ళుంటారు, నమ్మకు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలినా ఓమ్స్‌లో సున్నా చూపిస్తుంది.

ఫ్యూజ్_పోయింది:

మాస్టారు అంత పెద్ద పోస్ట్ ఫోన్‌లో ఎలా టైప్ చేశారండి బాబూ

డిపో_మాస్టారు:

మనవడు టైపు చేశాడు. నేను చెప్పాను.

డాలస్_నుంచి:

మాస్టారు చెప్పింది కరెక్ట్. ఎల్ఈడీ మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్తా, ఎవరైనా నాలా డబ్బులు తగలేసుకోకుండా. నా పాత బండిలో వెనక ఇండికేటర్లకి ఎల్ఈడీలు వేశా. ఎల్ఈడీ తీసుకునేది 0.1 నుంచి 0.2 ఆంపియర్లు, మాడ్యూల్ బల్బు లేదనుకుని వార్నింగ్ ఇచ్చింది, ఇండికేటర్ డబుల్ స్పీడ్‌లో కొట్టుకుంది. పైగా బండి ఆపేసి తాళం వేశాక కూడా ఎల్ఈడీ లోపల సన్నగా మినుకుమినుకుమంది, దయ్యం పట్టిందేమో అనుకున్నా, తీరా చూస్తే లైట్ వెయ్యకపోయినా బల్బు ఉందో లేదో చూడ్డానికి మాడ్యూల్ మధ్యమధ్యలో చిన్న పల్స్ పంపుతుందట, ఫిలమెంటు ఆ కాస్తకి వెలగదు, ఎల్ఈడీ వెలుగుతుంది.

దానికి మందుగా, మాడ్యూల్‌కి మామూలు బల్బంత కరెంటు పోతున్నట్టు కనపడాలని 6 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్లు పెట్టా. 14 వోల్టుల దగ్గర లెక్కేస్తే ఒక్కోటి 30 వాట్లకి పైగా వేడి. హజార్డ్ వేసి పది నిమిషాలు ఆగానో లేదో డిక్కీలోంచి కాలిన వాసన, చూస్తే రెసిస్టర్ పక్కనున్న ప్లాస్టిక్ లైనింగ్ మెత్తబడి ఒంగిపోయింది. కరెంటు ఆదా చేసే బల్బు కొని, ఆదా అయిన కరెంటుని వేడి చేసి పారేయడానికి ఇంకో పార్టు కొన్నా. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. మళ్ళీ మామూలు బల్బులే పెట్టుకున్నా.

పాత కాలం సిస్టమ్ ఇంకోలా ఉండేది, వోల్వో 240, 740లలో ఒక రిలే ఉంటుంది, అది ఎడమ కుడి బల్బుల కరెంటుని పోల్చి చూస్తుంది. రెండూ సమానంగా ఉంటే గమ్మున ఉంటుంది, తేడా వస్తే లైట్ వెలిగిస్తుంది. అందుకే వాటిలో ఒక పక్క బల్బు పోతే రెండు పక్కలా ఒకే కంపెనీవి మార్చమంటారు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు రూమ్మేట్‌కి అలాంటి డబ్బా బండి ఒకటి ఉండేది, అప్పుడు నేర్చుకున్నా.

టెక్సాస్‌లో మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి తీసేశారు కాబట్టి ఇక్కడ కూడా ఇప్పుడు ఎవడి వెనక లైట్ వాడే చూసుకోవాలి, అంతకుముందు ఏడాదికోసారి అయినా ఇంకొకడు చూసేవాడు.

బెజవాడ_బండోడు:

అప్‌డేట్ అండి. ఆదివారం పొద్దున్నే మొదలెట్టా. ముందు మాస్టారు చెప్పినట్టు మల్టీమీటర్ పెట్టా. టెయిల్ లైట్ ఒక్కటే వేస్తే 0.3. పర్లేదులే అనుకున్నా. మా అబ్బాయిని బ్రేక్ తొక్కమని ఇండికేటర్ కూడా వేస్తే 2.6 దాకా ఎగిరింది, ఇండికేటర్‌తో పాటు పడుతూ లేస్తూ ఉంది. వైర్‌ని కాస్త కదిలిస్తే అంకెలు పిచ్చిపట్టినట్టు తిరిగాయి. కుడి పక్క అదే టెస్ట్ చేస్తే 0.07.

సరే అని డిక్కీ లోపలి కార్పెట్ జరిపి, రెండు ప్లాస్టిక్ నట్లు తిప్పి మొత్తం లైట్ బయటికి లాగా. బల్బులు పెట్టే పలక వెనకాల ఆరు పిన్నుల కప్లర్ ఉంది. పీకుదామంటే రాలేదు, అతుక్కుపోయింది. అటూ ఇటూ ఊపి లాగితే టప్‌మని వచ్చింది, కాలిన బేకలైట్ వాసన కొట్టింది. ఐదు పిన్నులు వెండిలా మెరుస్తున్నాయి, గోధుమ వైర్ వచ్చే పిన్ను ఒక్కటే మాడిన ఇడ్లీ అడుగులా గోధుమ నలుపు, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ పసుపు పచ్చగా మారి ఒక పక్కకి కుంగిపోయింది. కప్లర్ లోపల ఆడ పిన్ను నోరు తెరుచుకుని ఉంది, గుండుసూదితో తాకితే లూజుగా ఊగుతోంది. లైట్ చుట్టూ ఉండే స్పాంజి గాస్కెట్ కింద మూల చిరిగి ఉంది, అక్కణ్ణుంచి నీళ్ళు కారిన గీత కూడా కనపడింది. వానలో ఎక్కువ రావడానికి కారణం అదన్నమాట.

మూడుసార్లు బల్బు మార్చారు కదా, ఆ పలక చేత్తో పట్టుకుని బల్బు తిప్పి పెట్టారు, ఒక్కళ్ళు కూడా తిప్పి వెనక్కి చూడలేదు. నేను కూడా చూడలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఏం చెయ్యాలి మాస్టారు? గరుకు కాగితంతో గీకి మళ్ళీ పెట్టేస్తే సరిపోద్దా?

డిపో_మాస్టారు:

సరిపోదు బాబూ. గీకితే రెండు నెలలు బాగుంటుంది, పిన్ను మీద ఉన్న తగరం పూత కూడా పోతుంది, తర్వాత ఇంకా తొందరగా తుప్పు. పైగా ఆడ పిన్నులో స్ప్రింగు చచ్చిపోయింది, అది నువ్వు ఎంత గీకినా పట్టుకోదు.

లెక్క చూడు. బ్రేకు, టెయిలు, ఇండికేటరు కలిపి నాలుగు ఆంపియర్లకి కాస్త తక్కువ, అక్కడ పడిపోతున్నది 2.6 వోల్టులు. రెండూ గుణిస్తే పది వాట్ల దాకా వేడి, అదంతా అగ్గిపుల్ల తలంత చోట. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టుకుని ఎడమ ఇండికేటరు వేసుకుని నిలబడ్డప్పుడల్లా చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టి ప్లాస్టిక్కుని కాలుస్తున్నావు. మా బస్సులు 24 వోల్టులు, అదే వాట్లకి కరెంటు సగమే, అందుకే ఇంత తొందరగా కాలేవి కావు.

బల్బుల పలక మార్చెయ్, ఆటోనగర్‌లో పాతది మంచిది దొరుకుతుంది, ఎర్త్ పిన్ను చూసి తీసుకో, లేకపోతే ఇంకొకడి రోగం కొనుక్కున్నట్టు. కప్లర్‌లో ఆ ఒక్క ఆడ పిన్ను కొత్తది, వైరు ముక్కతో సహా వేయించు. దాంతోపాటు పలక మీద ఎర్త్ పట్టీకి ఒకటిన్నర ఎంఎం వైరు విడిగా సోల్డర్ చేయించి బాడీ బోల్టుకి రింగు టెర్మినల్‌తో బిగించు, బోల్టు కింద పెయింటు గీకి. వాసెలిన్ రాయమని ఎవరైనా చెప్తారు, బ్యాటరీ టెర్మినల్‌కి మంచిదే, ఇక్కడ వేడికి కారిపోతుంది. గాస్కెట్ మర్చిపోకు, అది మార్చకపోతే వచ్చే వానాకాలానికి మళ్ళీ ఇక్కడికే వస్తావు.

బెజవాడ_బండోడు:

అయిపోయింది మాస్టారు. పాత పలక 650, పిన్ను, వైరు, పనికి 400, గాస్కెట్ మాత్రం కొత్తది దొరక్క స్పాంజి టేపు కొని కత్తిరించి అంటించారు. ఇప్పుడు అన్నీ వేసినా 0.05. గోడ మీద ఊయల లేదు. బండి ఆఫ్ చేసి ఆన్ చేయగానే వార్నింగ్ దానంతటదే పోయింది, స్కానర్ కూడా పెట్టలేదు. మొన్న వానలో హైదరాబాద్ వెళ్ళొచ్చా, పంతంగి దగ్గర కుండపోత, ఏమీ రాలేదు. నాన్నగారు మాత్రం సూర్యాపేట రాగానే ముందుకి ఒంగి మీటర్ వైపు చూశారు.

కరీంనగర్_క్లచ్:

మంచిగైంది అన్నా. ఆ 40 వేలాయనకు గా కాలిన పిన్ను ఫొటో ఒకటి పంపు.

కొత్త_మెంబర్_గుంటూరు:

మాస్టారు గారూ మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి, నాది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే నా లైట్ డిక్కీ తలుపు మీద ఉంది. డిక్కీ తెరిస్తే వెలుగుతుంది, మూస్తే పోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే వాడు డిక్కీ తెరిచి చూసి బాగానే ఉంది కదా అంటాడు. ఎర్త్ టెస్ట్ ఎక్కడ పెట్టాలి?

డిపో_మాస్టారు:

నీకు మీటరు అక్కర్లేదు అమ్మా, బాబో తెలీదు, మనవడు నిద్రపోయాడు, నేనే కొడుతున్నాను. డిక్కీ కీలు దగ్గర బాడీలోంచి తలుపులోకి వెళ్ళే రబ్బరు గొట్టం ఉంటుంది. దాని రెండు చివర్లూ పీకి వెనక్కి లాగు. ఏళ్ళ తరబడి తెరిచి మూసి లోపల వైర్లు ఒకే చోట ఒంగి తెగుతాయి. తెగిన చోట ఉత్త సోల్డర్ పెట్టించకు, సోల్డర్ పడ్డ చోట వైరు బిరుసవుతుంది, దాని పక్కనే మళ్ళీ తెగుతుంది. మెత్తటి సన్న పోగుల వైరు పొడుగ్గా వేసి, అతుకులు ఒంగే చోట కాకుండా అటూ ఇటూ దూరంగా, అన్నీ ఒకే చోట పడకుండా వేయించు.

కొత్త_మెంబర్_గుంటూరు:

అమ్మనే మాస్టారు 😊 ఇప్పుడే టార్చ్ వేసుకుని వెళ్ళి గొట్టం లాగి చూశా. ఏడు వైర్లున్నాయి, రెండు పూర్తిగా తెగాయి, ఇంకోటి ఒక్క రాగి పోగు మీద వేలాడుతోంది. నేను చూస్తుండగానే అది కూడా ఊడిపోయింది.